నూట ఇరవై ఏడు డబ్బాలు

లియెపాయ రేవులో చేపల ఫ్యాక్టరీ,
గేటు పక్క గదిలో రాత్రి కాపలా నాది.
బల్ల కింద వెల్టా పెట్టిపోయిన కంప్యూటర్
ముసలి కుక్కలా రొప్పుతూ
నా పాదాలు వెచ్చబెడుతుంది.

వెల్టా ఒకప్పుడు లెక్కల టీచరు.
పిల్లలు పలచబడి బడి మూతపడ్డాక
మా బెల్టు దగ్గర చేరింది,
పొగబెట్టిన చిట్టి చేపల్ని
తలకు తోక, తోకకు తల మార్చి పేర్చే పనిలో.

మొదటి వారమే మేస్త్రీ గుంటార్స్‌తో పేచీ.
"ఇవి నూట ఇరవై ఏడు డబ్బాలయ్యా,
సమానంగా వరుసలు కట్టవు."
అతను నమ్మలేదు.
రెండేసి పేర్చాడు, ఒకటి మిగిలింది.
మూడేసి, ఒకటి.
ఐదేసి, రెండు.
ఏడేసి, మళ్లీ ఆ ఒకటే.
పదకొండేసి, ఆరు.
"ఇక ఆపు," అంది.
"పన్నెండు పన్నెండ్ల నూట నలభై నాలుగు.
ఆ పైన వెతకడం దండగ."
గుంటార్స్ ఒక డబ్బా తీసి కోటు జేబులో వేసుకున్నాడు.
నూట ఇరవై ఆరు
బుద్ధిగా పెట్టెలో సర్దుకున్నాయి.

బల్ల కింద నలుగుతున్నది ఆ నూట ఇరవై ఏడుకి
దూరపు చుట్టం.
రెండుని రెండుతో పది కోట్లకు పైగా సార్లు హెచ్చించి
చివర్న ఒక్కటి తీసేస్తే వచ్చేది.
నిద్రమాని సెకనుకో అంకె చదివినా
ఏడాది పడుతుందట.

"దీన్ని వరుసలు పేర్చి చూడలేం, జన్మలు చాలవు.
వేరే దారుంది.
నాలుగుతో మొదలుపెట్టు.
వర్గం చెయ్యి, రెండు తీసెయ్యి,
పెద్దాయనతో భాగించి శేషం ఒక్కటీ దాచుకో.
మళ్లీ వర్గం, మళ్లీ రెండు.
ఆఖరి మెట్టు మీద సున్నా చుడితే ప్రధాన సంఖ్య.
ఇంకేం మిగిలినా కాదు.
ముప్పై రెండేళ్లు పేపర్లు దిద్దాను,
సున్నా వస్తేనే పాసయ్యే పరీక్ష
ఇదొక్కటే చూశాను."

నేను తెల్లమొహం వేస్తే
అట్ట మూత మీద మైనపు పెన్సిల్‌తో రాసింది,
నూట ఇరవై ఏడు కోసం:

నాలుగు
పద్నాలుగు
అరవై ఏడు
నలభై రెండు
నూట పదకొండు
సున్నా.

గుంటార్స్‌ని ముప్పుతిప్పలు పెట్టిన డబ్బాలు
ఐదంటే ఐదు మెట్లు దిగి
గుండ్రంగా కూర్చున్నాయి.
ఆ మూత ఇంకా నా దగ్గరుంది. వేలితో రాస్తే అంటుకుంటుంది.

చలికాలమంతా పెద్ద సంఖ్య మెట్లు దిగుతూనే ఉంది.
రెండుసార్లు గాలివానకి కరెంటు పోయింది.
ఒకసారి నా చీపురు తగిలి ప్లగ్గు ఊడింది,
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.
(యంత్రం ఆగినచోట గుర్తు పెట్టుకుంటుందట.
అయినా ఆ రాత్రి నాకు నిద్రలేదు.)

ఫిబ్రవరిలో, తెల్లవారుజాము నాలుగింటికి
అది రొప్పడం మానేసింది.
తెర మీద సున్నా లేదు.
అంకెలూ అక్షరాలూ కలిసిన ఏదో పొడుగాటి శేషం.
ఆరింటికి ఆమె వచ్చేదాకా
చచ్చిన కబురు చెప్పాల్సినవాడిలా కూర్చున్నాను.

కళ్లద్దాలు ఆప్రాన్‌కి తుడుచుకుని చదివింది.
"విరిగే సంఖ్యే."
"దేనితో విరుగుతుంది?"
"తెలీదు."
"మరి విరుగుతుందని ఎలా..."
"అది తెలుసు. ఎక్కడ విరుగుతుందో తెలీదు.
నేను బతికుండగా తెలియకపోవచ్చు."
అని నవ్వింది. ఎందుకు నవ్విందో అడగలేదు.
బయట చీకట్లో కాలవ మీద మంచు పగిలిన చప్పుడు.
ఇద్దరం కిటికీ దగ్గరికెళ్లి చూశాం.
తెల్లగా, ఎక్కడా గీత కూడా లేదు.

కొత్త సంఖ్య ఏదో కొట్టి,
టోపీలోకి జుట్టు దోపుకుని
బెల్టు దగ్గరికి వెళ్లిపోయింది.
నేను లాంతరు ఆర్పి కూర్చున్నాను.
నాలుగు దగ్గర మొదలై ఉంటుంది,
బొటనవేళ్లకి వేడి తగులుతోంది.